నాలుగు చక్రాలకూ పని పంచిన ఫెర్గూసన్

చెన్నైలోని టాఫే సంస్థ 1960 దశకం నుంచి తయారుచేస్తున్న మాసీ ఫెర్గూసన్ ట్రాక్టరు మన సరిహద్దు పల్లెల రైతులకు చిరపరిచితమే. ఆ పేరులోని ఫెర్గూసన్ మహాశయుడు కార్ల భద్రతకు తన చివరి పదేళ్లను ధారపోశాడన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

హ్యారీ ఫెర్గూసన్ 1884లో ఐర్లండ్‌లోని డ్రోమోర్ సమీపాన ఒక రైతు కుటుంబంలో జన్మించారు. సేద్యంపై మనసు నిలువక బెల్‌ఫాస్ట్‌లో అన్నగారి మరమ్మతు దుకాణంలో చేరారు. 1909 డిసెంబరు 31న, స్వయంగా నిర్మించుకున్న విమానంలో ఎగిరి, ఆ దేశంలో తొలి విమానచోదకుడయ్యారు. అనంతరం నాగలిని మూడుచోట్ల ట్రాక్టరుకు బిగించే విధానాన్ని రూపొందించారు. నేటికీ ప్రపంచమంతటా ట్రాక్టర్లలో కనిపించేది అదే. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో కేవలం చేయి కలిపి ఒప్పందం చేసుకున్నారు. ఫోర్డ్ మనుమడి హయాంలో అది తెగిపోగా, కోర్టుకెక్కి 1952లో తొంభై లక్షల డాలర్లకు పైగా పరిహారం పొందారు.

1950లో ఆయన కార్ల పరిశోధనకు ఒక సంస్థను స్థాపించారు. రెండు చక్రాలకే శక్తి అందితే, తడి రోడ్డుపై అవి జారినప్పుడు కారు అదుపు తప్పుతుంది. నాలుగింటికీ అందించాలంటే మరొక చిక్కు. మలుపులో ముందు చక్రాలు వెనుకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. రెండు జతలనూ ఒకే ఇరుసుతో బిగిస్తే టైర్లు రాపిడికి లోనవుతాయి. అందుకే నడుమ డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరికను ఉంచారు. ఇది ఏ జతను దాని వేగంతో తిరగనిస్తుంది. అయితే ఒక జత జారితే శక్తి అంతా అటే పోతుంది. ఆ తేడా మితిమీరగానే పట్టివేసే క్లచ్చులను ఆయన ఇంజనీర్లు జోడించారు.

ఈ విధానం 1966లో జెన్సెన్ ఎఫ్ఎఫ్ కారులో, ఆటోమేటిక్ గేర్లతో కలిసి రోడ్డెక్కింది. ఇంజను శక్తి మొదట నూనె నిండిన టార్క్ కన్వర్టర్ ద్వారా గేర్‌బాక్సుకు చేరుతుంది. గేర్లు తమంతట తామే మారుతాయి. అక్కడినుంచి శక్తి నడిమి డిఫరెన్షియల్‌కు వెళ్లి, నూటికి 37 వంతులు ముందు చక్రాలకు, 63 వంతులు వెనుక చక్రాలకు అందుతుంది. ఎంత బలం కావాలో గేర్‌బాక్సు నిర్ణయిస్తే, ఎవరికెంతో డిఫరెన్షియల్ పంచుతుంది. డ్రైవరు క్లచ్చు తొక్కనక్కరలేదు, మీట మార్చనక్కరలేదు.

ఈ ఫలితాన్ని చూసే భాగ్యం ఫెర్గూసన్‌కు దక్కలేదు. 1960 అక్టోబరు 25న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆయన సంస్థ నిర్మించిన నాలుగు చక్రాల చోదక కారుతో స్టిర్లింగ్ మాస్ ఔల్టన్ పార్క్ పందెం గెలిచారు. వెల ఎక్కువైనందున జెన్సెన్ ఎఫ్ఎఫ్ కార్లు 1971 నాటికి 320 మాత్రమే తయారయ్యాయి. నేడు ఎన్నో కార్లలో ఈ పంపకాన్ని కంప్యూటరు చూసుకుంటోంది. తడిసిన ఘాట్ రోడ్డుపై అలాంటి కారు నిబ్బరంగా మలుపు తిరుగుతున్నదంటే, అందులో ఆ రైతుబిడ్డ శ్రమకూ వాటా ఉంది.