చేతులెత్తి తేల్చరాని సంగతి – డా॥ అంబేద్కర్ జీవితము



డీకన్ల ఎన్నిక మొదలు చందా లెక్కల వరకు అన్నీ సర్వసభ్య కూటములో చేతులెత్తి తీర్మానించుకొనుట మన బాప్టిస్టుల అలవాటు. మంచి అలవాటే. అయితే చేతులెత్తి తేల్చరానిది కూడా ఒకటున్నదని చెప్పిన మనిషిని ఈ సంచికలో జ్ఞాపకము చేసికొందాము.

భీమరావు రాంజీ అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మహూ కంటోన్మెంటులో జన్మించారు. తండ్రి సైన్యములో సుబేదారు. అయినా బడిలో ఆ పిల్లవాడు ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టా మీద వేరుగా కూర్చోవలసి వచ్చింది. కుళాయి ముట్టరాదు, బంట్రోతు తిప్పితే నీళ్లు, అతడు లేకపోతే దాహమే. బరోడా మహారాజు సహాయముతో 1913లో కొలంబియా విశ్వవిద్యాలయమునకు, తరువాత లండనుకు వెళ్లి చదువుకొన్నారు. 1927లో మహద్ చెరువులో నీళ్లు త్రాగే హక్కు కొరకు తనవారిని వేలాదిగా నడిపించారు.

1932 సెప్టెంబరులో పూనా ఒడంబడిక జరిగింది. ఆ రోజులలోనే గురువాయూరు గుడిలోనికి అందరినీ రానివ్వాలని కేలప్పన్ గారు నిరాహారదీక్ష పూనారు. దీక్ష ఆగిన తరువాత పొన్నాని తాలూకాలో అభిప్రాయ సేకరణ జరిగింది. అప్పుడు నాగలాపురము, గురువాయూరు, నెల్లూరు, ఒంగోలు అన్నీ ఒకే మద్రాసు రాజధానిలోనివి. గుడిలోనికి వెళ్లే హక్కు అప్పటికే ఉన్నవారే ఓటర్లు. బయట నిలబడినవారిని ఎవరూ అడుగలేదు. 20,163 మంది తమ అభిప్రాయము చెప్పగా 15,568 మంది రానిద్దామన్నారు, 2,579 మంది వద్దన్నారు, 2,016 మంది ఎటూ చెప్పలేదు. ఇంత మంది సరేనన్నా తలుపులు తెరువలేదు. 1947లో గాని ఆ గుడి అందరికీ తెరువబడలేదు.

తరువాత ఆలయ ప్రవేశమును అధిక సంఖ్యాకుల ఓటుకు వదలే బిల్లు ఒకటి వచ్చింది. దానికి మద్దతియ్యమని గాంధీగారు అడిగితే 1933 ఫిబ్రవరిలో అంబేద్కర్ ఒప్పుకోలేదు. అంటరానితనము పాపమైతే ఎక్కువమంది చేసినంత మాత్రాన అది పాపము కాకపోదనీ, దానిని ఓటు లెక్కతో నిలుపరాదనీ ఆయన వాదన.

ఆ మాటను ఆయన రాజ్యాంగములో నిలబెట్టారు. 1947 ఆగస్టులో ముసాయిదా సంఘమునకు అధ్యక్షులైరి. 17వ అధికరణము అంటరానితనమును రద్దు చేసింది; దానికి ఏ తాలూకా ఓటూ అక్కరలేదు. హక్కు పోయినవాడు ఒక్కడైనా 32వ అధికరణము క్రింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చును. 1952 ఎన్నికలలో బొంబాయిలో ప్రజలు ఆయనను ఓడించారు.  ఎవరు పాలించాలో ఓటు చెప్పవచ్చును. ఎవరు మనిషో ఓటు చెప్పరాదు. 1956 డిసెంబరు 6న ఆయన కన్నుమూశారు.

నాగలాపురము, కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు ఇంట తెలుగు, వీధిలో తమిళము మాట్లాడుకొనే మనము ఎక్కడ లెక్కపెట్టినా తక్కువవారమే. మన బడి, మన ఆరాధన పొరుగువారి ఓటు మీద ఆధారపడితే మనకెట్లుండును? మరి మనలో మనము ఏమి చేస్తున్నాము? కొన్నేండ్ల క్రిందట ఒక సంఘములో, క్రొత్తగా వచ్చి చేరిన కుటుంబపు పెద్దాయనను సమాధుల తోటలో పెట్టనివ్వాలా వద్దా అని చేతులెత్తించారు. సరేనన్న చేతులే ఎక్కువ. స్థలమిచ్చారు. కాని ఆ యింటివారు మరి గుడికి రాలేదు. మనము వారిని అడిగితే, చోటు ఇచ్చినందుకు కృతజ్ఞులమే గాని, శవము ఇంట్లో ఉండగా మమ్మును లెక్కపెట్టినారు గదా అన్నారు.

ఈ సంవత్సరము సర్వసభ్య కూటమునకు కార్యక్రమ పట్టిక వ్రాసే కార్యదర్శులు ఈ సంగతి మరువకుందురు గాక. కొన్ని అంశములు ఆ పట్టికలోనికే ఎక్కరాదు.