ఎవరినీ చెయ్యి చాచని జార్జి ముల్లర్

గంట కొట్టగానే ప్లేట్లతో వరుసలో నిలబడే హాస్టల్ విద్యార్థులమైన మనం జార్జి ముల్లర్ గురించి తెలుసుకోవాలి. ఆయన 1805లో ప్రష్యా దేశంలో జన్మించారు. చిన్నతనంలో తండ్రి డబ్బే దొంగిలించిన ఆయన, 20వ ఏట క్రీస్తును నమ్మి మారుమనస్సు పొందారు.

1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో అద్దె ఇంట్లో అనాథాశ్రమం ప్రారంభించారు. మనుషులను చందా అడగలేదు, అప్పు చేయలేదు. ప్రార్థనలో దేవునికే చెప్పుకొన్నారు. మరుపూటకు రొట్టె లేని రోజులు ఎన్నో వచ్చినా, ఏదో విధంగా సహాయం అందేది. 1870 నాటికి ఐదు పెద్ద భవనాల్లో 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడింది. వచ్చిన ప్రతి పైసాకూ లెక్క రాసి, ఏటా అచ్చు వేయించేవారు. 1898లో మరణించేనాటికి ఆయనకు మిగిలిన సొంత ఆస్తి స్వల్పమే.

దేవుడే పోషకుడని నమ్మడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు, అందినదానికి నమ్మకంగా ఉండటం. మన పళ్లెంలోని అన్నానికీ, మన చదువుకూ మనమూ అలాగే లెక్క చెప్పగలగాలి.