సెప్టిమా క్లార్క్

అమెరికా సంయుక్తరాష్ట్రములలో దక్షిణ కరోలినా యను రాష్ట్రము కలదు. అందు సముద్రతీరమున నున్న చార్లెస్టన్ నగరములో 1898వ సంవత్సరము మే నెల 3వ తేదీన నొక నల్లజాతి కుటుంబమున సెప్టిమా జన్మించెను. తండ్రి బానిసగా పుట్టినవాడు. తల్లి యితరుల బట్టలుతికి సంసారమునకు తోడ్పడుచుండెను. ఇట్టి పేదరికములోను కుమార్తెను చదివింపవలెనని వారు పట్టుదల వహించిరి.

1916లో ఆమె ఉపాధ్యాయ శిక్షణ ముగించెను. కాని చార్లెస్టన్ నగరపు ప్రభుత్వ పాఠశాలలలో నల్లజాతివారికి ఉపాధ్యాయోద్యోగము లిచ్చుట ఆ కాలమున లేదు. అందుచే ఆమె పడవనెక్కి జాన్స్ ద్వీపమునకు పోయి, యొక పల్లెబడిలో చేరెను. అచట ఇద్దరు ఉపాధ్యాయినులకు 132 మంది పిల్లలు. ఆమె జీతము నెలకు 35 డాలర్లు. సమీపమున తెల్లవారి బడిలో ముగ్గురు పిల్లలకు చదువు చెప్పు నామెకు 85 డాలర్లు! పగలు పిల్లలకు పాఠములు చెప్పి, రాత్రులందు ఆమె పెద్దలకు అక్షరములు నేర్పెను. నల్లబల్ల లేకపోగా పెద్ద కాగితపు సంచులపై వ్రాసి చూపెను.

నావికుడైన భర్త 1925లో మరణించెను. పిమ్మట ఆమె కొలంబియా నగరమున చాలకాలము పనిచేసెను. అచటి సైనిక శిబిరములో చదువురాని సైనికులకు సంతకము చేయుట నేర్పెను. మన దేశమున వ్రేలిముద్ర వేసినట్లే ఆ దేశమున నిరక్షరాస్యులు పేరునకు బదులొక అడ్డగుర్తు పెట్టెడివారు. ఆ గుర్తు పెట్టునప్పుడు మనుష్యుని తల యెట్లు వంగిపోవునో ఆమె యెరుగును.

1956లో ప్రభుత్వోద్యోగులు నల్లజాతి హక్కుల సంఘములో సభ్యులుగా నుండరాదని ఆ రాష్ట్రమున శాసనము వచ్చెను. సభ్యత్వమును దాచుటకు ఆమె అంగీకరింపలేదు. నలువదేండ్ల సేవ యొక్కసారిగా తుడిచివేయబడెను. ఉద్యోగము పోయెను, పింఛనును పోయెను. అప్పుడామె వయస్సు ఏబది యెనిమిది. ఆ వయస్సున పలువురు విశ్రాంతి కోరుదురు. ఆమె టెన్నెసీ రాష్ట్రమందలి హైలాండర్ విద్యాలయమున చేరి క్రొత్తపని నారంభించెను.

ఆ పని యేమందురా? దక్షిణ కరోలినాలో ఓటరుగా నమోదు కావలెనన్న రాజ్యాంగములోని కొంతభాగము చదివి చూపవలసి యుండెను. చదువురాని నల్లజాతివారిని ఓటునకు దూరముగా నుంచుటకిది సులభమైన ఉపాయము. జాన్స్ ద్వీపమున ఈసా జెంకిన్స్ అనునతడు బస్సు నడుపుచు, ప్రయాణికులకు దారిలోనే ఆ భాగములను నేర్పుచుండెను. అతని కోరికపై 1957 జనవరి 7వ తేదీన నొక రాత్రిపాఠశాల ఏర్పడెను. ముందుగది కిరాణా దుకాణము, వెనుకగది బడి. తెల్లవారికి అనుమానము కలుగకుండుటకే ఈ యేర్పాటు.

అందు బోధించిన బెర్నిస్ రాబిన్సన్ శిరోజములు దిద్దు వృత్తిలో నున్న స్త్రీ, సెప్టిమాకు బంధువు. పండితులైన గురువులయెదుట పెద్దలు సిగ్గుపడుదురని తలచి సెప్టిమా ఆమెను నియమించెను. మొదట వచ్చినవారు పదునలుగురు. ఏమి నేర్చుకొనగోరుదురని గురువే వారి నడిగెను. కొందరు తమ పేరు వ్రాయవలెననిరి, కొందరు మనియార్డరు పత్రము నింపవలెననిరి. వారి కోరికలే పాఠ్యక్రమ మయ్యెను.

పేరు నేర్పుటకు సెప్టిమా యెరిగిన పద్ధతి యొకటి కలదు. శిష్యుని పేరును అట్టపై వ్రాసి, దానిమీదుగా అతనిచే పెన్సిలుతో మరల మరల దిద్దించును. నాగలి పట్టిన చేయి పెన్సిలును బిగించి పట్టి విరుచును; విరిగినచో మరియొక పెన్సిలు నిచ్చును, అంతియే. మన పల్లెలలో పూర్వము ఇసుకలో ఓనమాలు దిద్దించినది గూడ నిట్టిదే గదా! చేతికి దారి తెలిసినపిదప కంటికి తెలియుట కష్టము కాదు. కొలది నెలలలో ఆ శిష్యులలో పలువురు పరీక్షకు నిలిచి ఓటర్లైరి.

1961లో ఈ కార్యము మార్టిన్ లూథర్ కింగ్ నాయకత్వమందలి సంఘమునకు సంక్రమించెను. జార్జియాలోని డార్చెస్టర్‌లో సెప్టిమా గురువులకు శిక్షణ యిచ్చెను. ఆమె పట్టాలు చూడలేదు. పైకి స్పష్టముగా చదువగలరా, బల్లపై గుండ్రముగా వ్రాయగలరా యని మాత్రము చూచెను. రైతులు, రజకస్త్రీలు, మంగలులు గురువులైరి. పాఠశాలలు దక్షిణరాష్ట్రము లంతట వ్యాపించెను. 1965లో వచ్చిన ఓటుహక్కు శాసనము ఆ రాష్ట్రములలో చదువు పరీక్షలను నిలిపివేసెను.

ఆమె పింఛను 1976లో గాని తిరిగి రాలేదు. ఆ దశకముననే, తన్ను తొలగించిన ప్రాంతపు విద్యాసంఘమునకే ఆమె సభ్యురాలుగా ఎన్నికయ్యెను. తొలిసారి బడి నడపిన జాన్స్ ద్వీపముననే 1987 డిసెంబరు 15వ తేదీన ఆమె కన్నుమూసెను.