పేరు చివర ‘హుక్. ఎఫ్.’

బోటనీ ప్రాక్టికల్ రికార్డులో తిప్పతీగ బొమ్మ వేసి కింద శాస్త్రీయ నామం రాస్తాం. ఆ పేరు చివర ‘హుక్. ఎఫ్. అండ్ థామ్స్.’ అని ఒక తోక ఉంటుంది. మార్కుల కోసం బట్టీపట్టి రాశానే గాని ఆ తోక ఎవరిదో చాలా రోజులు నేను పట్టించుకోలేదు. ‘ఎఫ్’ అంటే లాటిన్‌లో కొడుకు అని లెక్చరర్ గారు చెప్పాక, ఆ కొడుకెవరో తెలుసుకుందామని లైబ్రరీకి వెళ్ళాను.

ఆయన జోసెఫ్ డాల్టన్ హుకర్. 1817 జూన్ 30న ఇంగ్లండులోని హేల్స్‌వర్త్‌లో జన్మించారు. తండ్రి విలియం హుకర్ కూడా పేరున్న వృక్షశాస్త్రజ్ఞుడే. గ్లాస్గోలో వైద్యం చదివి, ఎరిబస్ ఓడలో 1839 నుంచి 1843 వరకు దక్షిణ ధ్రువ సముద్రాలు తిరిగి వచ్చారు. 1848లో కలకత్తాలో దిగి డార్జిలింగు చేరారు. మరుసటి ఏడు సిక్కిం లోపలి కొండలెక్కారు.

అక్కడ ఆయన్ని ఆకట్టుకున్న వాటిలో ప్రిములాలు ఉన్నాయి. నేలకు అంటిపెట్టుకున్న ఆకుల గుత్తి, మధ్యలోంచి లేచిన ఒక కాడ, దాని కొసన పూలు. చూడ్డానికి అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. చిక్కంతా అక్కడే! తడి పచ్చికలో పసుపు గంటల్లా తలవంచుకుని పూసే రకం విత్తనాలు ఆయన క్యూ తోటకు పంపారు. 1851లో దానికి ప్రిములా సిక్కిమెన్సిస్ అన్న పేరు, తండ్రి సంపాదకత్వంలోని పత్రికలోనే అచ్చయింది. తర్వాత 1924లో కింగ్డన్ వార్డ్ టిబెట్టులో కనుగొన్న ఫ్లోరిండే కూడా పసుపు గంటలే పూస్తుంది. రెంటినీ పువ్వు చూసి కాదు, ఆకు చూసి పోల్చుకోవాలి. సిక్కిమెన్సిస్ ఆకు సన్నబడుతూ కాడలో కలిసిపోతుంది. ఫ్లోరిండే ఆకు మొదలు హృదయాకారంలో ఉండి, కాడ విడిగా కనిపిస్తుంది.

ఊదాపూల బంతులతోనూ ఇదే తంటా. డెంటిక్యులేటా మంచు కరగగానే, ఆకులు పూర్తిగా ఎదగకముందే గుండ్రంగా పూస్తుంది. కాపిటాటా వానల్లో పూస్తుంది. దాని బంతి పైన చదునుగా ఉండి, అంచు పూలు కిందికి వంగుతాయి. ఆకు అడుగున తెల్లటి పిండి ఉంటుంది.

ఇక తేడా ఉండి కూడా తేడా కానిది ఒకటుంది. ఒకే పచ్చికలో ఒక మొక్క పువ్వులో కీలం పొడుగ్గా, పరాగకోశాలు కిందుగా ఉంటాయి. పక్క మొక్కలో తారుమారు. ఇవి రెండు జాతులు కావు, పరపరాగ సంపర్కానికి అనువైన ఒకే జాతి రెండు రూపాలని హుకర్ ప్రాణమిత్రుడు డార్విన్ 1862లో అచ్చయిన వ్యాసంలో తేల్చారు. కనబడిన ప్రతి తేడాకూ ఓ కొత్త పేరు పెట్టడం హుకర్‌కీ గిట్టదు. 1855లో థామ్సన్‌తో కలిసి రాసిన ఫ్లోరా ఇండికాలో ఈ సంగతే వాదించారు. మన తిప్పతీగకు ఆ తోక తగిలింది కూడా ఆ గ్రంథంలోనే.

ఆయన ప్రయాణం వెనక ఇంకో సంగతీ దాచకూడదు. 1849 నవంబరులో టిబెట్టు సరిహద్దు దాటి వచ్చినందుకు సిక్కిం అధికారులు ఆయన్నీ, డాక్టర్ కాంప్‌బెల్‌నూ సుమారు ఆరు వారాలు నిర్బంధించారు. ఆ సాకుతో తెల్లదొరలు సిక్కిం దక్షిణ భాగం లాక్కున్నారు. ఆయన వెంట మూటలు మోసిన లెప్చా, భూటియా మనుషుల పేర్లు మన రికార్డుల్లో ఏ మొక్క చివరా రాయం.

1865 నుంచి 1885 వరకు క్యూ తోటకు డైరెక్టరుగా ఉంటూనే, 1872లో ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా మొదలుపెట్టి, 1897 నాటికి ఏడు సంపుటాలూ పూర్తి చేయించారు. అప్పటికాయనకు ఎనభై ఏళ్ళు. 1911 డిసెంబరు 10న కన్నుమూశారు.

ఇదంతా చదివాక మా అమ్మ గుర్తొచ్చింది. నారుమడిలో వరి, ఊద రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఆకు కాండాన్ని పట్టుకున్న చోట వరికి సన్నటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. అమ్మ వంగి ఒక్క చూపు చూసి ఊదను పీకేస్తుంది. ఎన్నోసార్లు నేను వరినే పీకి తిట్లు తిన్నాను. ఎక్కడ చూడాలో తెలియడమే సగం శాస్త్రం. ఈసారి రికార్డులో ఆ తోక రాసేటప్పుడు బట్టీపట్టి రాయను.