విశాఖ తీరాన పాములను పరిశీలించిన వైద్యుడు

రక్తపింజరను ఇంగ్లిష్‌లో రస్సెల్స్ వైపర్ అంటారు. ఆ రస్సెల్ ఎవరో, ఆయనకు విశాఖపట్నంతో ఉన్న సంబంధం ఏమిటో తెలిసినవారు తక్కువ.

పాట్రిక్ రస్సెల్ స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. వైద్యం చదివి 1750లో సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్లారు. దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే వైద్యుడిగా ఉన్నారు. 1760లో ఆ నగరాన్ని ప్లేగు కమ్మేసినప్పుడు రోగులను దగ్గరగా పరిశీలించారు. ఆ అనుభవంతో తర్వాత పెద్ద గ్రంథమే రాశారు.

1781లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి అయిన సోదరుడు క్లాడ్‌తో కలిసి విశాఖపట్నం వచ్చారు. 1785లో కంపెనీ ప్రకృతి శాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించడంతో ఆ బాధ్యత రస్సెల్‌కు దక్కింది. మొక్కలను పరిశీలించడం ఆయన ప్రధాన ఉద్యోగం. కానీ వైద్యుడిగా ఆయనను వెంటాడింది పాముకాటు. కరిచింది విషసర్పమా కాదా అన్నది తేల్చే పద్ధతే అప్పటి వైద్యులకు తెలియదు. అది తెలియకపోతే ఏ మందు పనిచేసిందో, ఎవరు మందు లేకుండానే బతికారో చెప్పలేం. విషం లేని పాము కరిచినవాడు లేచి కూర్చుంటే ఆ ఘనత మందుకే దక్కేది.

పొట్ట మీద, తోక కింద ఉండే పొలుసులను లెక్కపెట్టి పాములను వర్గీకరించడం లినేయస్ చూపిన దారి. విషాన్ని గుర్తించడానికి ఆ లెక్క చాలదని రస్సెల్ గ్రహించారు. నోరు తెరిచి కోరలు చూడాల్సిందే. అలా చూస్తూ పోతే ఎక్కువ పాములకు విషమే లేదని తేలింది. 1787లో విషసర్పాలను గుర్తుపట్టడంపై ఆయన రాసిన పత్రాన్ని మద్రాసు ప్రభుత్వం అచ్చువేయించింది.

విషం ప్రభావాన్ని కోళ్ల మీద, కుక్కల మీద పరీక్షించారు. అప్పట్లో విరుగుడుగా పేరుపడ్డ తంజావూరు మాత్రనూ వదల్లేదు. ఆ పరీక్షల్లో ఎన్నో ప్రాణులు చనిపోయాయి. నేటి అర్థంలో ఆయన పాముల సంరక్షకుడు కాదు.

1789లో తిరిగి వెళ్లిన రస్సెల్, కోరమాండల్ తీరపు పాములపై తన గ్రంథాన్ని 1796లో వెలువరించారు. అందులో చాలా పాములకు స్థానికులు పిలిచే పేర్లనే ఉంచారు. రక్తపింజర అక్కడ కాటుక రేకుల పొడ. ఆ తర్వాతే శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరు పెట్టారు. మరో పాముకు ఆయన రాసుకున్న పేరు బంగారు పాము. జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్నైడర్ 1801లో ఆ మాటనుంచే బంగారస్ అనే ప్రజాతి పేరు తీశారు. మన కట్లపాము కూడా ఆ ప్రజాతిదే.

విశాఖ ప్రాంతపు ఆకుపచ్చ బొద్రు పాము ఆయనను మరో ప్రశ్నకు నడిపింది. దాని కంటికీ ముక్కురంధ్రానికీ మధ్య చిన్న గుంట ఉంది. అమెరికాలో తోక ఆడించి చప్పుడు చేసే ర్యాటిల్ స్నేక్‌కూ అలాంటి గుంటే ఉంది. శరీర నిర్మాణ నిపుణుడు ఎవరార్డ్ హోమ్‌తో కలిసి 1804లో ఈ గుంటల గురించి రాయల్ సొసైటీ పత్రికలో రాశారు. అవి ఎర శరీరపు వేడిని పసిగట్టే అవయవాలని తేలడానికి ఇరవయ్యో శతాబ్దం రావాల్సి వచ్చింది.

1805 జులై 2న రస్సెల్ కన్నుమూశారు. ఆయన పేరు పాముకు నిలిచింది. ఆ పాములను పట్టి తెచ్చినవారి పేర్లు మాత్రం నిలవలేదు. వారి నోట పలికిన మాటలే మిగిలాయి.

నేడు మన ఆస్పత్రుల్లో వాడే విరుగుడు మందు నాలుగు పాముల విషానికి తయారవుతుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. నాలుగూ రస్సెల్ పుస్తకంలో ఉన్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, పొలం గట్టున పాము కనబడగానే చేయి కర్ర కోసమే వెతుకుతుంది. విషం లేని జెర్రిపోతూ ఆ దెబ్బకే పోతుంది. ఏది విషసర్పం, ఏది కాదు అని రస్సెల్ అడిగిన ప్రశ్న తెలిసినవాడి చేతిలో ఆ కర్ర ఒక్క క్షణమైనా ఆగుతుంది.