ముప్పయ్యేళ్లకు వైద్య విద్యార్థి

ఆల్బర్ట్ ష్వైట్జర్ 1875లో అల్సాస్‌లో జన్మించారు. తత్వశాస్త్రం, క్రైస్తవ మతశాస్త్రం చదివి స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. ఆఫ్రికాలో రోగులకు సేవ చేయాలన్న సంకల్పంతో 1905లో, ముప్పయ్యేళ్ల వయసులో, అదే విశ్వవిద్యాలయంలో వైద్య విద్యార్థిగా చేరారు. ఆప్తులు వారించినా వినలేదు. ఒకపక్క పాఠాలు చెబుతూనే, మరోపక్క రసాయన శాస్త్రం, శరీర నిర్మాణ శాస్త్రం మొదటినుంచీ నేర్చుకున్నారు. చివరి పరీక్ష ఫీజును ఆర్గన్ కచేరీలో సంపాదించిన డబ్బుతో కట్టారు.

నర్సు శిక్షణ పొందిన భార్య హెలెన్‌తో 1913లో గాబన్‌లోని లాంబరెనే చేరి, పాత కోళ్లగూడును బాగుచేసి అందులో వైద్యం మొదలుపెట్టారు. 1952 సంవత్సరపు నోబెల్ శాంతి బహుమతి ఆయనను వరించింది. 1965లో లాంబరెనేలోనే కన్నుమూశారు.

ఇంటర్‌లో తీసుకున్న గ్రూపుతోనే జీవితం తేలిపోయిందని దిగులుపడే మన బడి పిల్లలకు ఈ కథ చెప్పాలి.