గుండు దెబ్బను కొలిచిన బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ 1707లో ఇంగ్లండులోని బాత్ పట్టణంలో ఒక పేద క్వేకరు కుటుంబంలో జన్మించారు. క్వేకర్లు ఆయుధం పట్టని క్రైస్తవులు. ఆ ఇంటి బిడ్డే గణిత పండితుడై, తుపాకీ గుండు వేగాన్ని కొలిచే సాధనం తయారుచేశారు.

కంటికందని వేగాన్ని కొలవడమెలా? ఆయన ఇనుప పలకకు చెక్క దిమ్మె బిగించి ఊయలలా వేలాడదీశారు. దానిలోకి గుండు పేల్చి, అది ఎంత వెనక్కి ఊగిందో రిబ్బనుతో కొలిచారు. ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది ద్రవ్యవేగం. గుండు ఆగినా అది నశించదు, తగిలినదానికి చేరుతుంది. క్షణంలో ఆగుతుంది కాబట్టే దెబ్బ అంత ఘోరంగా ఉంటుంది. గుండు బరువు పౌనులో పన్నెండో వంతు, ఊయల బరువు 56 పౌన్లు. సెకనుకు 1,600 అడుగులకు పైగా దూసుకొచ్చిన గుండు ఆ బరువును మెల్లగా ఊపగలిగింది, అంతే.

ఈ సంగతులు 1742లో గ్రంథంగా వెలువడ్డాయి. 1746లో రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. కోటలు బాగుచేయించడానికి ఈస్టిండియా కంపెనీ 1750లో ఆయనను మద్రాసు తీరానికి రప్పించింది. ఆ డిసెంబరులోనే కడప, కర్నూలు నవాబుల కుట్రలో నాసిర్ జంగ్ తుపాకీ గుండుకు బలయ్యాడు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర ఆ నవాబులు మళ్లీ తిరగబడగా, ముజఫర్ జంగ్, కర్నూలు నవాబు ఇద్దరూ కూలిపోయారు. తర్వాత ఫ్రెంచి సేన కర్నూలు మీద పడింది. ఆ జూలైలోనే రాబిన్స్ కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో కన్నుమూశారు.

ప్రియ సంఘమా, దెబ్బ ఒకరితో ఆగదని మన సీమకు ఎవరూ నేర్పనక్కరలేదు. తండ్రికి తగిలిన దెబ్బను కొడుకు మరో ఇంటికి చేరవేస్తే, ఊళ్లు ఖాళీ అవుతాయి. ఎవరో ఒకరు దాన్ని తమలో నిలుపుకోవాలి. న్యాయస్థానం మెట్లెక్కడం తప్పు కాదు, చెయ్యెత్తడమే తప్పు. ఒంటరి విధవరాలికి ఆ భారం మోయరానిది. సంఘమంతా ఆమె పక్కన నిలిస్తే బరువు పెరుగుతుంది, ఊపు తగ్గుతుంది. మన ప్రభువు సిలువపై దెబ్బను తన దేహంలో నిలుపుకొన్నాడు, తిరిగి ఎవరికీ ఇవ్వలేదు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, కక్షలో ఎవరినైనా పోగొట్టుకున్న ఇల్లు మన ఊళ్లో ఉంటే, అక్కడికి కలిసి వెళ్దాం.